కొరియన్ సొంతంగా నేర్చుకుంటున్నారా? తెలుగు నుంచి మొదలుపెట్టండి

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనం ‘వెళ్తాను’ అనం, ‘వెళ్లొస్తాను’ అంటాం. ఉత్త ‘వెళ్తాను’ అంటే అమ్మమ్మ ఊరుకోదు. కొరియన్లూ గడప దాటేటప్పుడు ‘గత్తా ఓల్కెయో’ అంటారు. గత్తా అంటే వెళ్లి, ఓల్కెయో అంటే వస్తాను. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో నెలలో ఈ మాట తగిలింది. నా దగ్గరున్న ఇంగ్లీషు పాఠం దీనికి అరపేజీ వివరణ ఇచ్చింది. నాకు అందులో ఒక్క లైను కూడా అక్కర్లేకపోయింది. అప్పటిదాకా ఇంగ్లీషులో ఆలోచించి కొరియన్‌లోకి మార్చుకుంటూ తిప్పలు పడ్డాను. ఆ రోజు నుంచి మధ్యలో ఇంగ్లీషును తీసేశాను.

అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ కొరియన్‌ను అతి కష్టమైన భాషల వరుసలో పెట్టి, దానికి 2,200 క్లాసు గంటలు కావాలంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల లెక్క. వాళ్లకు కష్టమైనవాటిలో సగం మనకు పుట్టుకతో వచ్చాయి. కాకపోతే మనకు కష్టమైనవి కొన్ని వేరే ఉన్నాయి, వాటిని ఆ పాఠాలు ఒక్క పేరాలో దాటేస్తాయి. కాబట్టి ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో మీరే చూసుకోవాలి.

అక్షరాలకు వారం చాలు

కొరియన్ లిపి పేరు హన్‌గుల్. సెజోంగ్ అనే రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రజలకు ఇచ్చాడు. అంతకుముందు చైనా లిపిలో రాసేవారు, అది చదువుకున్న కొద్దిమందికే వచ్చేది. దక్షిణ కొరియాలో ఇప్పటికీ అక్టోబరు 9న అక్షరాల పండగ చేస్తారు. మూల అక్షరాలు 24 మాత్రమే: 14 హల్లులు, 10 అచ్చులు. 56 అక్షరాలు, గుణింతాలు, వత్తులు దిద్దిన చేతికి ఇదెంత పని?

హల్లుల ఆకారాలు నోటిని చూసి గీసినవి. ‘న’ అనండి, నాలుక కొన పైకి లేచి పళ్ల వెనక తగులుతుంది. ఆ నాలుకను పక్కనుంచి చూసినట్టు, కిందికి ఒక గీత, అక్కణ్నుంచి కుడికి ఒక గీత: అదే ‘న’ అక్షరం. ‘మ’ అంటే మూసిన నోరు, చతురస్రం. ‘గ’ కొడవలిలా ఉంటుంది. మనం ‘ఓనమాలు రావు’ అన్నట్టే, కొడవలి ఎదురుగా పెట్టినా ‘గ’ అక్షరం గుర్తుపట్టలేడని వాళ్లకో సామెత ఉంది. ‘గ’కు ఒక గీత కలిపితే ‘ఖ’. మనం ఒత్తక్షరాన్ని గాలి వదిలి పలుకుతాం, వాళ్లు ఆ గాలికి ఒక గీత పెట్టారు.

నాకు బాగా నచ్చింది సున్న. గుండ్రటి ఈ అక్షరం గడి (ఒక్కో పలుకుకు అక్షరాలు పేర్చే పెట్టె) మొదట్లో ఉంటే దానికి శబ్దం లేదు, అచ్చుకు ఆసరాగా కూర్చుంటుంది. అదే గడి అడుగున ఉంటే ‘ంగ్’ అని పలుకుతుంది. బంగారం అనే మాటలో సున్న చేసే పనే.

అక్షరాలను వరుసగా కాకుండా గడులుగా పేర్చి రాస్తారు. ‘హన్’ రాయాలంటే పైన ఎడమ పక్క ‘హ’, దాని కుడి పక్క ‘ఆ’ గీత, రెండిటి కింద ‘న్’. కింద కూర్చునే ఈ హల్లును బత్ఛిమ్ అంటారు. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. కింద ఉంది కదా అని వత్తులా చదువుతారు. బత్ఛిమ్ వత్తు కాదు, పొల్లు. గడిని మూసేస్తుంది.

మొదటి మూడు రోజులు చేత్తో రాయండి. నాలుగో రోజు ఫోన్‌లో కొరియన్ కీబోర్డు పెట్టుకోండి. మామూలు అమరికలో హల్లులన్నీ ఎడమ చేతి కింద, అచ్చులన్నీ కుడి చేతి కింద ఉంటాయి కాబట్టి రెండు రోజుల్లో వేళ్లకు అలవాటవుతుంది. ఈ వ్యాసంలో నేను కొరియన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను గానీ మీ నోట్‌బుక్‌లో మాత్రం ఆ పని చేయకండి. వారం తర్వాత కూడా మాట పక్కన తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉచ్చారణ రాసుకుంటుంటే కన్ను దాని మీదికే పోతుంది, హన్‌గుల్ బొమ్మగానే మిగిలిపోతుంది.

నోరు తిరగడానికి నెల పడుతుంది, పట్టనివ్వండి

ఎక్కువమంది హడావిడిగా దాటేసేది ఇక్కడే. కొరియన్‌లో ‘క’ జాతి శబ్దాలు మూడు: మామూలుది, బిగించి పలికేది, గాలి వదిలేది. వీటిని నేను గ, క, ఖ అని రాస్తాను. దల్ అంటే చందమామ, తల్ అంటే కూతురు, థల్ అంటే మాస్కు. బుల్ నిప్పు, పుల్ కొమ్ము, ఫుల్ గడ్డి. బంగ్ అంటే గది, పంగ్ అంటే బ్రెడ్డు. (ఈ పంగ్, మన పావ్ భాజీలోని పావ్, రెండూ పోర్చుగీసు నావలెక్కి వచ్చిన ఒకే మాట.)

వీటిలో బిగించి పలికేది మన క, త, పలకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దీనికోసం నెలలు కష్టపడతారు, మనకు దాదాపు ఉచితం. గాలి వదిలేదానికి పుస్తకంలోని ఖ, థ, ఫ ఉన్నాయి. కానీ మాట్లాడేటప్పుడు మనం వాటిని నిజంగా ఒత్తి పలుకుతున్నామా? ‘ఖర్చు’ అని రాసి ‘కర్చు’ అంటాం. ‘ఫలం’లో ‘ఫ’ను ఇంగ్లీషు ఫ్యాన్‌లో లాగా అంటాం. అందుకే అరచేతిని నోటి ముందు పెట్టుకోండి, లేదా పల్చటి కాగితం వేలాడదీయండి. ‘పుల్’ అన్నప్పుడు కాగితం కదలకూడదు, ‘ఫుల్’ అన్నప్పుడు ఎగరాలి.

మామూలుదే అసలు చిక్కు. మాట మధ్యలో వస్తే మన ‘గ’లాగే ఉంటుంది, మాట మొదట్లో వస్తే ‘క’లా, కాస్త గాలితో వినిపిస్తుంది. సియోల్ కుర్రకారు నోట దల్, థల్ దాదాపు ఒకేలా ఉన్నాయే అనిపిస్తుంది. గొంతు ఎత్తు చూడండి: దల్ కింది స్థాయిలో మొదలవుతుంది, థల్ పై స్థాయిలో. ఇది పట్టుకున్నాక నా చెవి సగం తెరుచుకుంది.

అచ్చుల్లో రెండే కొత్తవి. ఒకటి, ‘ఆ’ అన్నట్టు నోరు తెరిచి, పెదాలు గుండ్రం చేయకుండా ‘ఒ’ అనడం. రెండోది, పళ్లు కనబడేలా పెదాలు సాగదీసి ‘ఉ’ అనడం. మొదటిదాన్ని ఇక్కడ ‘ఒ’ అనీ, గుండ్రటి పెదాలదాన్ని ‘ఓ’ అనీ రాస్తున్నాను. మనకు హ్రస్వ దీర్ఘాల తేడా అలవాటు కాబట్టి వీటిని కూడా అలా పలికేస్తాం. అది తప్పు, తేడా పెదాలది. అద్దం ముందు నిలబడండి, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.

తర్వాత బత్ఛిమ్‌లు. కింద ఏ అక్షరం రాసి ఉన్నా, పలికేవి ఏడే: క్, న్, త్, ల్, మ్, ప్, ంగ్. బట్టను ‘ఓత్’ అంటారు, రాసేది మాత్రం ‘ఓస్’ అని. పక్కన అచ్చు వస్తే దాగి ఉన్న ‘స’ బయటికొస్తుంది: ఓత్, ఇ కలిస్తే ‘ఓషి’ (స పక్కన ఇ వస్తే షి అవుతుంది). ముక్కుతో పలికే అక్షరం వస్తే ఇంకోలా మారుతుంది. గుక్ అంటే సూపు, ముల్ అంటే నీళ్లు, కలిపితే గుక్‌ముల్ కాదు, గుంగ్‌ముల్. కోత్ అంటే పువ్వు, నమూ అంటే చెట్టు, కలిపితే కోన్నమూ. విదేశీ విద్యార్థులు ఈ నియమాలకు పట్టిక వేసుకుని బట్టీ కొడతారు. మీరు స్కూల్లో కొట్టేశారు: వాక్ + మయం = వాఙ్మయం, జగత్ + నాథుడు = జగన్నాథుడు. అనునాసిక సంధి, అంతే. హప్‌నిదా (చేస్తాను) అని రాసి ‘హమ్నిదా’ అని ఎందుకు చదవాలో మీకెవరూ చెప్పక్కర్లేదు.

వాక్యం మనదే, మాటలే వాళ్లవి

‘జొనున్ బబుల్ మొగొయో’: నేను అన్నాన్ని తింటాను. వరుస అదే, క్రియ చివరే. విభక్తుల్లాంటివి పేరు చివర అతుక్కుంటాయి. హక్క్యో అంటే బడి, హక్క్యోఎ అంటే బడికి. నాదో అంటే నేను కూడా. కర్మకు ఉల్ లేదా రుల్ వస్తుంది: పేరు హల్లుతో ముగిస్తే ఉల్, అచ్చుతో ముగిస్తే రుల్. ‘హరికి’ అనే నోటితోనే ‘సీతకు’ అనడం లాంటిదే ఇది, చెవికి వదిలేస్తే సర్దుకుంటుంది.

క్రియల్లో చుట్టరికం మరీ విచిత్రం. మొగొ అంటే తిని. ‘మొగొ బోసెయో’ అంటే తిని చూడండి. చూడటానికి వాళ్ల మాట బోదా, దాన్ని మనలాగే ‘ప్రయత్నించి చూడు’ అనే అర్థంలో వాడతారు. ‘హె జుసెయో’ అంటే చేసిపెట్టండి (వాళ్లు ‘చేసి ఇవ్వండి’ అంటారు). ‘మొగొ బొర్యొస్సొయో’ అంటే తినేశాను. మన తినేశానులో ‘వేయు’ ఉన్నట్టే వాళ్లదాంట్లో ‘పారేయు’ ఉంది. ‘నెగా బోన్ యొంగ్‌హ్వా’ అంటే నేను చూసిన సినిమా, ‘ఏదైతే నేను చూశానో ఆ సినిమా’ అని తిప్పక్కర్లేదు. ‘ఓన్దగో హెస్సొయో’ అంటే వస్తానని చెప్పాడు. దగో అంటే మన ‘అని’. ఇంగ్లీషు పాఠాల్లో ఇవన్నీ ఆర్నెల్ల తర్వాత వస్తాయి. మీరు రెండో నెలలోనే వాడేయండి.

క్రియకు ఆయో, ఒయో చేర్చేటప్పుడు ముందున్న అచ్చు చూడాలి. ఆ, ఓ ఉంటే ఆయో, లేకపోతే ఒయో. పులి, లు కలిసి ‘పులులు’ అవుతుంది కదా, ఒక అచ్చును చూసి ఇంకో అచ్చు మారడం మనకు కొత్త కాదు.

తేడాలూ ఉన్నాయి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అన్నింటికీ ‘వస్సొయో’ ఒక్కటే. మాట్లాడటానికి సుఖం, వినడానికి కష్టం. ఎవరు వచ్చారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ఇంకోటి, నున్/ఉన్‌కూ గా/ఇకూ తేడా. కర్త పక్కన రెండూ వస్తాయి. నాకు పనికొచ్చిన కిటుకు: నున్ దగ్గర ‘అయితే’ పెట్టి చూడండి. ‘జొనున్ ఖొఫి’ అంటే ‘నేనైతే కాఫీ’. ఎవరు వచ్చారన్న ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మాత్రం గా/ఇ. నూటికి నూరుపాళ్లు కుదరదు గానీ మొదటి ఏడాదికి సరిపోతుంది.

ఇంత పోలిక చూశాక రెండు భాషలూ అక్కాచెల్లెళ్లేనా అనిపిస్తుంది. అమ్మను ‘ఒమ్మా’, నాన్నను ‘అప్పా’ అంటారు కూడా. 20వ శతాబ్దం మొదట్లో హల్బర్ట్ అనే అమెరికన్ ఈ చుట్టరికం కోసం కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ గట్టిగానే పోల్చాడు. ఇవాళ్టి భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. మనకు నేర్చుకోవడానికి పోలిక చాలు, వంశవృక్షం గొడవ అక్కర్లేదు.

డ్రామాల్లో విన్నది పెద్దవాళ్ల దగ్గర అనకండి

నా తప్పొకటి చెప్తాను. భాష మార్పిడి కోసం ఆన్‌లైన్‌లో ఒక కొరియన్ పెద్దావిడతో వారానికోసారి మాట్లాడేవాణ్ని. ఆవిడ ఓపిగ్గా ఒక ఉచ్చారణ సరిదిద్దారు. అర్థమైందని చెప్పాలి కదా, సీరియళ్లలో వందసార్లు విన్న ‘అరస్సొ’ వాడేశాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ‘అల్గెస్సుమ్నిదా’ అని నెమ్మదిగా నా తరఫున ఆవిడే అన్నారు. నేనన్నది తెలుగులో చెప్పాలంటే, మా అమ్మ వయసు మనిషితో ‘సర్లే, తెలిసిందిలే’ అన్నట్టు!

డ్రామాల్లో ప్రేమికులు, స్నేహితులు, అన్నదమ్ములు మాట్లాడుకునేది ‘నువ్వు’ భాష, దాన్ని బన్మల్ అంటారు. కొత్తవాళ్లు చివర ‘యో’ ఉన్న మర్యాద రూపాన్నే ముందు నేర్చుకోవాలి. మూడు నెలలు దాంతోనే ఉండండి, ఎవరి దగ్గరా మాట పోదు. పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు క్రియ మధ్యలో ‘షి’ చేరుతుంది, మనం ‘వచ్చారు’ అని గౌరవించినట్టు.

వరసలు మనకు కొట్టిన పిండి. ఆడపిల్ల అక్కను ఒన్నీ, అన్నను ఓపా అంటుంది. మగపిల్లాడు అక్కను నూనా, అన్నను హ్యొంగ్ అంటాడు. కాబట్టి అబ్బాయిలూ, మీ సీనియర్‌ని ఓపా అనకండి. ఇమో అంటే అమ్మకు అక్కో చెల్లెలో, గోమో అంటే మేనత్త. చిన్న హోటల్లో వడ్డించే ఆవిడను ‘ఇమో’ అని పిలవడం మామూలే. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. ‘మా ఇల్లు’, ‘మా అమ్మ’ అన్నట్టే ‘ఉరి జిప్’, ‘ఉరి ఒమ్మా’ అంటారు. ‘తినలేదా?’ అంటే ‘ఆఁ, తినలేదు’ అని మనం అన్నట్టే వాళ్లూ ‘నే’ అంటారు. ఇంగ్లీషు అలవాటుతో ‘అనియో’ (కాదు) అంటే తిన్నారనుకుంటారు.

మాటలు పోగేసేటప్పుడు

కొరియన్‌లో చైనా మూలం ఉన్న మాటలు చాలా ఎక్కువ. మనకు సంస్కృతం ఎలాగో వాళ్లకు అవి అలాగ. విద్య అని తెలిస్తే విద్యార్థి, విద్యాలయం వాటంతట అవే అర్థమైనట్టు, ‘హక్’ అంటే చదువు అని పట్టుకోండి: హక్క్యో బడి, హక్సెంగ్ విద్యార్థి, దెహక్ యూనివర్సిటీ, హగ్వొన్ ట్యూషన్ సెంటరు. విడి మాటల జాబితా కంటే ఇలా ముక్క పట్టుకుని గుత్తిగా నేర్చుకోవడమే లాభం. ఇక ఇంగ్లీషు నుంచి వెళ్లినవి మీకు బోనస్: ఏసీ ‘ఎఒఖొన్’, సెల్‌ఫోన్ ‘హెన్దుఫోన్’. బస్సును మనం చివర ఉకారం తగిలించి సొంతం చేసుకున్నట్టే, వాళ్లు ‘బొసు’ అన్నారు.

అంకెలకు రెండు వరుసలు: హనా, దుల్, సెత్ అనే సొంత వరుస, ఇల్, ఇ, సమ్ అనే చైనా వరుస. గంటలు సొంత వరుసలో, నిమిషాలు చైనా వరుసలో. మూడున్నర అంటే ‘సె షి సమ్షిప్ బున్’. పెద్ద అంకెల్లో వేల తర్వాత మెట్టు పదివేలు, దాన్ని ‘మన్’ అంటారు. లక్ష అంటే పది మన్‌లు: షిప్, మన్ కలిసి షిమ్మన్ (ప్ కాస్తా మ్ అయింది చూశారా). కోటి అంటే వెయ్యి మన్‌లు, ఛొన్మన్. పది కోట్లకు ‘ఒక్’ అని మళ్లీ కొత్త పేరు. ధరలు విన్నప్పుడు నేనిప్పటికీ మనసులో సున్నాలు లెక్కపెట్టుకుంటాను.

రోజూ ఏం చేయాలి

ముప్పావుగంట చాలు, కానీ రోజూ. పావుగంట పాత మాటలు తిరగేయండి. ఆంకీ లాంటి యాప్ అయితే మర్చిపోయే వేళకు అదే గుర్తుచేస్తుంది. పావుగంట ఒక కొత్త పాఠం. మిగిలిన పావుగంట ఒకే చిన్న ఆడియోను పదిసార్లు విని, మాట వెంట మాట అంటూ పోండి. నిమిషం నిడివి చాలు. పది వీడియోలు ఒక్కోసారి చూడటం కంటే ఇదే నోటికి పడుతుంది. డ్రామా చూడొద్దని కాదు, సబ్‌టైటిల్స్‌తో చూసిన గంటను చదువు ఖాతాలో వేసుకోవద్దంటున్నాను.

పాఠాలకు డబ్బు పెట్టక్కర్లేదు. కొరియా ప్రభుత్వ ఆసరాతో నడిచే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు ఇస్తుంది. వినడానికి టాక్ టు మీ ఇన్ కొరియన్ మొదటి పాఠాలు బాగుంటాయి. మాటకు అర్థం చూడటానికి నేవర్ డిక్షనరీ పెట్టుకోండి. ఒక పుస్తకం, ఒక ఆడియో, ఒక డిక్షనరీ: మొదటి ఆర్నెల్లు ఇంతకు మించి ఏదీ డౌన్‌లోడ్ చేయకండి.

గురువు లేని చదువుకు ఒక గడువుండాలి. కొరియన్ ఎంత వచ్చో కొలిచే టోపిక్ పరీక్ష అందుకు పనికొస్తుంది. మొదటి భాగంలో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి: 70 ప్రశ్నలు, 100 నిమిషాలు, 200 మార్కులు. 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండో లెవెల్. ఒకటో లెవెల్‌కు సుమారు 800 మాటలు తెలియాలి. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఉద్యోగం కోసమో పై చదువు కోసమో అయితే తేదీ చూసుకుని రాయండి. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల హోటళ్ల బోర్డుల మీద కూడా హన్‌గుల్ కనిపిస్తోంది. అటు వెళ్తే బస్సులోంచే చదువుతూ పోవచ్చు, పరీక్ష ఫీజు లేని పరీక్ష.

రాత్రి పడుకునే ముందు మూడు వాక్యాల డైరీ రాయండి. ముందు తెలుగులో అనుకోండి, వరుస మార్చకుండా మాట కింద మాట పెట్టండి. నా మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది: ‘ఓనుల్ బిగా వస్సొయో’. ఓనుల్ ఈ రోజు, బి వాన, వస్సొయో వచ్చింది. వాళ్లకూ వాన వస్తుంది.